జీతం ఏ రూపాయల్లో?

పరదేశం పోయి సంపాదిస్తే చివరికి ఎంత మిగులుతుందో తెలుసుకోవడానికి ఓడ ఎక్కనక్కరలేదు. గూడూరు దాటి చిల్లకూరు దాకా పోతే సగం తెలుస్తుంది. అక్కడినుంచి కాలువ మీద దుగరాజపట్నం వైపు పోతే మిగతా సగం తెలుస్తుంది. నేను ఐదు రోజులు పోయి వచ్చాను. నాకైన ఖర్చు పంతొమ్మిది రూపాయలు. ఇంట్లో కూర్చుని, పరదేశంలో డబ్బు చెట్లకు కాస్తుందని చెప్పేవాళ్ళకు ఆ పంతొమ్మిది కూడా దండగగానే కనిపిస్తుంది. అలాంటి వాళ్ళ కోసమే రాస్తున్నాను.

పోవలసిన అవసరం నాది కాదు, మా చెల్లెలి కొడుకు రమణయ్యది. వాడు సంగంలో బియ్యం మిల్లులో ఇంజను మేస్త్రీ. నెలకు అరవై రూపాయలు. ఆ మాఘమాసంలో మద్రాసునుంచి ఒక ఏజెంటు ఉత్తరం రాశాడు. బహ్రెయిన్ అని సముద్రం మధ్యలో ఒక దీవి ఉందట. అక్కడ నూనె కంపెనీలో ఇంజన్ల పని, నెలకు మూడు వందల రూపాయలు. తన కమీషను ఎనిమిది వందలు ముందుగా కట్టాలి. జవాబు పదిహేను రోజుల్లో రావాలి. దారి ఖర్చులతో కలిపి వెయ్యి రూపాయలు కావాలి. ఆ ఇంట్లో వెయ్యి రూపాయలు చేసే వస్తువు ఒకటే ఉంది, పెన్న కాలువ కింద అరవై సెంట్ల మాగాణి. దాన్ని కొనడానికి మిల్లు యజమాని అప్పుడే సిద్ధంగా ఉన్నాడు. మంచి మేస్త్రీ పోతున్నాడే అని ఆయనకు దిగులు లేదు, పొలం ఎప్పుడు రాసిస్తారన్న తొందరే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

కాని పొలం రమణయ్య పేర లేదు. వాడి భార్య వెంగమ్మ పేర ఉంది. ఆమె వేలిముద్ర పడితేనే అమ్మకం. ఆమె ఏమన్నదంటే:

"పోయొచ్చినోళ్ళ ఇళ్ళు చూసి వస్తా. అప్పుడేస్తా ముద్ర. మామా, మీరు తోడు రండి. మీరు రంగూన్ చూసినోళ్ళు గదా."

నేను రంగూన్‌లో తొమ్మిదేళ్ళు ఉన్న మాట నిజమే. పొలం అమ్మనివ్వకూడదని మనసులో గట్టిగా అనుకునే బయలుదేరాను. ఆమె మనసులో ఏముందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నెల్లూరు, గూడూరు

నెల్లూరు బస్సుల దగ్గర కారం దోశ తిన్నాము. హోటలువాడు ఎర్ర కారం పూసి, మడత పెట్టకుండా ఇచ్చాడు. దోశ బాగుంది, లెక్క బాగాలేదు. రెంటికీ కలిపి రెండు అణాలంటే పన్నెండు నయాపైసలు అనాలి, వాడు పదమూడు అన్నాడు. నేను అడిగితే, "సగం పైసా యాడుండాది సామీ, మీరే ఇవ్వండి" అన్నాడు. ఈ నయాపైసలు వచ్చినప్పటినుంచీ దేశంలో ప్రతి హోటలువాడూ ఆ సగం పైసా తినే బతుకుతున్నాడు. నేను ఇంకా వాదించేవాణ్ణే, వెంగమ్మ పదమూడూ ఇచ్చేసింది.

"మామా, ఒక్క పైసాకి ఇంతసేపా. పరాయి దేశంలో ఎన్ని పోగొట్టుకోని వచ్చినారో," అంది.

గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు పక్కనుంచి పోతున్నప్పుడు నేను ఆమెకంటే పది అడుగులు ముందు నడిచాను.

చిల్లకూరు: మెట్లు లేని మిద్దె

చిల్లకూరులో మేము చూడబోయింది చెంచురామయ్యను. మలయాలో రబ్బరు తోటలో పదకొండేళ్ళు గుమాస్తాగా చేసి వచ్చాడు. ఇల్లు దూరంనుంచే తెలుస్తుంది. మేడ మీద గదికి రంగు అద్దాల కిటికీ. అయితే మేడ ఎక్కడానికి మెట్లు లేవు.

"మెట్ల కాడికొచ్చేసరికి డబ్బు ఆగిపోయినాది," అన్నాడు చెంచురామయ్య. "ఈ ఏడు కట్టిస్తా."

ఆ మాట ఆరేళ్ళుగా చెబుతున్నాడని తర్వాత తెలిసింది.

మేమిద్దరం అరుగు మీద కూర్చున్నాము. మగవాళ్ళం గదా, జీతాల గురించి మాట్లాడుకున్నాము. ఆయనకు నెలకు నూట ఎనభై డాలర్లట. అక్కడి డాలరు మన రూపాయిన్నరకు కొంచెం పైన. ఉండడానికి ఇల్లు తోటవాళ్ళదే, వైద్యం ఉచితం. నేను వేళ్ళ మీద లెక్కవేసి, ఇక్కడి తాసీల్దారు ఆఫీసు గుమాస్తాకంటే రెండింతలు పైనే అని ఒప్పుకోవలసి వచ్చింది. ఒప్పుకోవడం నాకు నచ్చలేదు.

వెంగమ్మ అరుగు మీద కూర్చోలేదు, వంటింట్లోకి పోయింది. కిటికీలోంచి లోపలివాళ్ళు కనపడుతున్నారు, మాటలూ వినపడుతున్నాయి.

"అక్కా, నీళ్ళు నేను తోడి పోస్తాలే. పెద్ద గంగాళం యాడుండాది?"

"గూడూరులో ఉండాదిలేమ్మా," అంది చెంచురామయ్య భార్య మస్తానమ్మ.

"గూడూరులో ఎవురింట్లో?"

"సేటింట్లో. తాకట్టులో."

అరుగు మీద చెంచురామయ్య గట్టిగా దగ్గాడు. లోపల ఎవరూ పట్టించుకోలేదు. మస్తానమ్మ చదివింపులు రాసుకున్న ఒక పాత నోటుపుస్తకం తెచ్చి వెంగమ్మ ముందు పెట్టింది. వెంగమ్మకు చదువు రాదు, అందుకని మస్తానమ్మే చెప్పసాగింది. మా వైపు పెళ్ళిళ్ళలో చదివింపులని ఉంది. తాళి కట్టడం అయ్యాక ఒకాయన పందిట్లో కూర్చుని, ఎవరు ఎంత ఇచ్చారో పేరు పెట్టి గొంతెత్తి చదువుతాడు. ఊరంతా వింటుంది. మామూలు మనిషికి రెండు రూపాయలు, కావలసినవాడికి ఐదు.

"ఈయన మలయానుంచి వచ్చిన ఏడాదిలో పదిహేడు పెళ్ళిళ్ళమ్మా. మలయా చెంచురామయ్య ఐదు రూపాయలు చదివిస్తే పందిట్లో నవ్వరా అని ప్రతిదానికీ యాభై చదివించినాడు. ఒకదానికి వెండి చెంబు. ఆ చెంబే మెట్లు."

"పోనీలే అక్కా. రేపు మీ ఇంట్లో పెళ్ళి జరిగితే అవన్నీ తిరిగొస్తాయి గదా."

నోటుపుస్తకం మూసిన చప్పుడు వినపడింది.

"పిల్లోళ్ళుంటే గదమ్మా పెళ్ళి," అంది మస్తానమ్మ.

చెంచురామయ్య లేచి పోయి, మాకోసం అరటాకులు తానే కోసుకొచ్చాడు. మొలగొలుకుల బియ్యపన్నంలోకి వంకాయ, ఎండు రొయ్యలు కలిపి వండిన కూర పెట్టారు. అలాంటి కూర నేను రంగూన్‌లో తొమ్మిదేళ్ళూ కలలో మాత్రమే తిన్నాను. ఆయన నా ఆకులో ఇంకొంచెం కూర తానే వడ్డించాడు.

కాలువ మీద

కోట అనే ఊరి దగ్గర బకింగ్‌హాం కాలువలో మద్రాసు పోయే సరుగుడు కట్టెల పడవ దొరికింది. కట్టెల మీద గోనె పరిచి కూర్చోబెట్టారు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతారు. బస్సులో పోయేవాళ్ళకు ఈ సుఖం తెలియదు. ఇసుక దిబ్బలు, తాడిచెట్లు, నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు, అన్నీ మనకోసం ఆగినట్టే ఉంటాయి. దోమలు మాత్రం ఆగవు.

నేను గొడుగు తెరిచాను. గాలి ఒక్క విసురు విసిరేసరికి అది చేతిలోంచి ఎగిరి కాలువలో పడింది. పడవ నడిపే పోలయ్య గడతో దాన్ని తీస్తూ, "పెద్దాయనా, నీళ్ళకేం ఎండ తగల్దులే, వాటికెందుకు పట్టినావు గొడుగు," అన్నాడు. గట్టు మీద తాడు లాగేవాళ్ళు కూడా నవ్వారు.

"జాగ్రత్త, రంగూన్ గొడుగది," అన్నాను.

వెంగమ్మ దాన్ని తిప్పి చూసింది. గుడ్డ మూడుసార్లు మార్చాను, ఊచలు రెండుసార్లు. పిడి మాత్రం రంగూన్‌దే.

"తొమ్మిదేళ్ళకి పిడి మిగిలిందన్నమాట," అంది.

పోలయ్య మనసున్న మనిషి, మాట మార్చాడు. నేను అతని సంపాదన అడిగాను. అతను చెప్పిన లెక్కను, అర్థశాస్త్రం చదువుకున్నామని చెప్పుకునేవాళ్ళు కూడా వినాలి.

"మదరాసు బాడుగకి పోతే రోజుకి రెండున్నర ఇస్తారయా. ఆడ తిండికే రూపాయిన్నర. ఇంటికాడ ఉప్పు మోస్తే రూపాయిన్నర. ఇంటి తిండి ముప్పావలా. ఇప్పుడు చూడు, రెంటికీ తేడా ఎంత?"

"పావలా," అంది వెంగమ్మ, నాకంటే ముందే.

"ఆ పావలా కోసం పన్నెండు రోజులు ఈ దోమలు."

"మరి ఎందుకు పోతా ఉండావు?"

"ఇంటికాడ ఉప్పు పని దినామూ ఉండదు తల్లీ. ఆడికి పోతే పన్నెండు రోజులూ పని. ఎంత వస్తాదని గాదు, ఎన్నాళ్ళు వస్తాదని చూసుకోవాల."

ఇంజను మేస్త్రీకి మిల్లులో ఏడాదికి ఎన్ని నెలల పని ఉంటుందో ఆ మాటతో నాకు గుర్తొచ్చింది. ఏడు నెలలు. మిగతా ఐదు నెలలూ సగం జీతం. ఇంట్లో ఉన్నంతకాలం ఆ సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. వెంగమ్మ తీసుకుని ఉంటుంది. నావైపు చూడలేదు.

దుగరాజపట్నం దగ్గర: ఎర్ర పదులు

మేము దిగిన పల్లెలో దేవదానం ఇల్లు అడిగితే, "కువైట్ దేవదానమా, లేక వల దేవదానమా" అన్నారు. ఇద్దరూ ఒక్కరేనట. కువైట్‌లో నూనె గొట్టాలు అతికే పని ఆరేళ్ళు చేసి వచ్చి, ఇప్పుడు ఒక పడవలో, వలలో వాటాదారు. భార్య సువార్తమ్మ "వందనాలయ్యా" అని కాళ్ళకు నీళ్ళిచ్చింది. పెంకుటిల్లు, గచ్చు నేల. పెద్దకూతురు నెల్లూరులో టీచరు ట్రెయినింగు చదువుతోంది. ఈసారి వెంగమ్మ గంగాళం అడగలేదు. ఇత్తడి సామాను మూలలో వరసగా కనపడుతూనే ఉంది.

మామిడికాయ వేసిన చేపల పులుసు పెట్టారు. నిన్న కాచిన పులుసు నేడు తినాలని సువార్తమ్మ సిద్ధాంతం. ఈ జిల్లాలో ఎవరూ కాదనని సిద్ధాంతం అదొక్కటే.

తిన్నాక దేవదానం పెట్టె తెరిచాడు. అడుగునుంచి ఒక గుడ్డ మూట తీశాడు. అందులో పది రూపాయల నోట్లు, ఎనభై. అవే సింహాలు, అదే పది. కాని మన పది వంకాయ రంగు, ఇవి ఎరుపు.

"ఆడ మన రూపాయలే ఇచ్చేవాళ్ళన్నా. నేను చేరినప్పుడు రంగు గూడా ఒకటే. తర్వాత ఆ దేశాలకని వేరే రంగు నోట్లు చేసినారు. ఇయ్యి అక్కడే చెల్తాయి, ఇక్కడ చెల్లవు. నాకేం తెలుసు. రూపాయి రూపాయే గదా అనుకున్నా. పైగా ఎర్రది గట్టిదని మా బసలో ఒకడు చెప్పినాడు, దాచుకుంటే విలువ పెరగతాదని."

"ఆయన దాచినాడు, నాక్కూడా చెప్పకుండా," అంది సువార్తమ్మ. "కోటలో బియ్యం కొట్టుకి ఒకటి తీసుకోనిపోతే కొట్టాయన ఏమన్నాడో తెలుసా? పసుపు కుంకం పెట్టి దేవుడి కాడ పెట్టుకోమన్నాడు. మాకు ఆ దేవుడూ లేడు."

"బ్యాంకులో అడగలేదా?" అన్నాను, కోపంగానే. కోపం ఎవరి మీదో నాకు తెలియదు.

"నెల్లూరు పోయినా. ఇక్కడ చెల్లదు, చెల్లే చోటికి పంపమన్నారు. పంపుదామనుకునేలోపల కువైట్‌లో రూపాయే తీసేసినారు. వాళ్ళకు ఇప్పుడు వేరే డబ్బు. మార్చుకునే గడువు అయిపోయినాది."

ఎనిమిది వందల రూపాయలు. ఏజెంటు రమణయ్యను అడిగినది సరిగ్గా అంతే. వెంగమ్మ ఒక నోటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"అన్నా, మరి ఈ ఇల్లు, పాప చదువు, వలలో వాటా, ఇవన్నీ యాడియి?"

"నెలనెలా బ్యాంకు మీద డ్రాఫ్టు పంపినానమ్మా, ఈమె పేరున. అది మన డబ్బై చేతికొచ్చింది. నెలకి రెండొందలు. అందులో పోయింది ఒక్క పైసా లేదు."

"అంటే పెళ్ళానికి చెప్పింది నిలిచింది, చెప్పంది ఎర్రబడింది," అంది సువార్తమ్మ. దేవదానం అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వి, నోట్లు మళ్ళీ అలాగే, అంచులు సరిచేసి, మూట కట్టాడు.

దొరవారిసత్రం: పక్షులూ, నేనూ

దుగరాజపట్నంనుంచి బండి మీద దొరవారిసత్రం వచ్చాము. ఆ చుట్టుపక్కల ఒక చెరువులో చెట్లు నీళ్ళలోనే నిలబడి ఉంటాయి. వాటి మీద సంచి ముక్కుల గూడబాతులు వందలుగా. ఏటా చలికాలంలో వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసి, ఎండలు ముదరగానే పోతాయి. మా బండి తోలే రైతు వాటిమీద చెయ్యి పడనివ్వడు.

"అవి పులికాట్‌లో చేపలు తింటాయి, ఈడకొచ్చి రెట్ట వేస్తాయి. ఆ నీళ్ళు పారిన పొలానికి వేరే ఎరువు అక్కర్లేదు," అన్నాడు.

"మనియార్డరన్నమాట," అంది వెంగమ్మ.

రైలు రావడానికి ఇంకా మూడు గంటలుంది. స్టేషనులో బెంచీ మీద కూర్చున్నాము. ఆమె గొడుగు పిడి పట్టుకుని అడిగింది.

"మామా, అందరి ఇళ్ళూ చూసినాము. మీ ఇల్లు చూడలా. రంగూన్ నుంచి ఎంత తెచ్చినారు?"

ముప్పై ఏళ్ళుగా నన్ను ఎవరూ అడగలేదు, అడగకుండా నేనే అందరి లెక్కలూ అడుగుతూ వచ్చాను. అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు లెక్కపెట్టే పని నాది. రాత్రి పక్క పాకలో ఒక వడ్రంగి దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను. వచ్చేటప్పుడు తెచ్చింది మూడు వందల నలభై రూపాయలు, ఈ గొడుగు. దిగిన నెలలోనే మా పెదనాన్న మనవరాలి పెళ్ళి. రంగూన్ మనిషినని వెండి గ్లాసు చదివించాను. తర్వాత ఇంకొకటి. మూడో పెళ్ళికి అప్పుచేసి చదివించాను. ఆ అప్పు తీర్చడానికి నాలుగేళ్ళు పట్టింది. నాలుగేళ్ళు నెల్లూరు మండీలో మళ్ళీ బస్తాలే లెక్కపెట్టాను.

ఇదంతా చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మరి ఆ అక్షరాలు తెచ్చినారు గదా. వాటిని ఎవురూ చదివించమనలా. కాగితం తీయండి, ఏజెంటుకి జాబు రాయాల."

పొలం అమ్మనివ్వకూడదని బయలుదేరినవాణ్ణి, బహ్రెయిన్‌కు ఒప్పుకుంటూ జాబు నా చేత్తోనే రాశాను. ఆమె చెప్పింది, నేను రాశాను. ఎనిమిది వందలు ముందే ఇవ్వలేము. నాలుగు వందలు ఇప్పుడు, మిగతాది మూడు నెలల జీతం చేతికందాక. రెండేళ్ళే ఒప్పందం. జీతంలో మూడింట రెండు వంతులు నెలనెలా వెంగమ్మ పేర డ్రాఫ్టు.

"పొలం?" అన్నాను.

"అమ్మను. మా పక్క పొలం ఆయనకి భోగ్యానికి ఇస్తా. ఆరు వందలు ఇస్తాడు. వడ్డీ లేదు, దానికి బదులు రెండేళ్ళు పంట తింటాడు. ఆరు వందలూ కట్టినరోజు పొలం నాది. కట్టలేకపోతే పోతాది, అది తెలుసు."

ఆ చివరి మాట అంటున్నప్పుడు గొడుగు పిడి గట్టిగా పట్టుకుంది. అంతవరకు ఆమెకు భయం లేదనుకున్నాను.

సంతకం చేసే చోటు విడిచిపెట్టి, కింద ఒక వాక్యం నేనే చేర్చి ఆమెకు చదివి వినిపించాను. "జీతం మూడు వందలు అన్నారు, ఏ రూపాయల్లోనో, సంగంలో చెల్లే రూపాయల్లో అది ఎంతో, తమరు స్పష్టంగా రాయవలెను."

"అది ముందు పెట్టండి," అంది. ఇంకో కాగితం తీసి మళ్ళీ మొదటినుంచి రాశాను.

సంగం

ఏజెంటు అన్నిటికీ ఒప్పుకున్నాడు. రూపాయల సంగతికి మాత్రం పేజీన్నర రాశాడు. డ్రాఫ్టుగా పంపితే ఇక్కడి డబ్బై అందుతుందని దాని సారాంశం. రమణయ్య చైత్రంలో పోయాడు. డ్రాఫ్టులు వస్తున్నాయి, ఒకసారి ఆలస్యంగా, ఒకసారి డబ్బు తక్కువగా. అక్కడ ఎండకు జబ్బుపడి పన్నెండు రోజులు జీతం లేదట. ఏడాది తిరిగేసరికి ఏజెంటు బాకీ తీరింది, భోగ్యంలో నాలుగు వందలు కట్టారు. ఇంకా రెండు వందలు ఉంది.

అప్పుడు వచ్చింది మిల్లు యజమాని కూతురి పెళ్ళి. వైశాఖం, పెద్ద పందిరి, ఊరంతా ఉంది. చదివింపులు మొదలయ్యాయి. చదివే ఆయన గొంతు మామూలుగానే పెద్దది. మా వంతు వచ్చేసరికి ఇంకా పెంచాడు.

"బహ్రెయిన్ రమణయ్య గారి తరఫున, వారి భార్య వెంగమ్మ గారు చదివించినది..."

ఆగాడు. చీటీ మళ్ళీ చూశాడు. తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"ఐదు రూపాయలు."

పందిట్లో ఎక్కడో ఒకరిద్దరు నవ్వారు. యజమాని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వెంగమ్మ తల దించలేదు. కూర్చున్నచోటినుంచే, అందరికీ వినపడేలా చెప్పింది.

"రమణయ్య సంగం మనిషే. ఆ ఐదూ మన రూపాయలే, చెల్తాయి. రాసుకోండయా."

ఆయన రాసుకున్నాడు. తర్వాత చదివించవలసింది నేను, చీటీ ఇంకా ఇవ్వలేదు. నా పంచె రొంటిలో వంకాయ రంగు పది నోటు మడిచి పెట్టుకుని ఉన్నాను, పెద్దవాణ్ణి గదా అని. దాన్ని లోపలికి తోసి, జేబులోంచి ఐదు తీశాను.